నిలువు తెరపై నగర చరిత్ర – ఒక పరిశీలన

అరచేతిలో ఇమిడే ఫోను తెరపై, ఒక నిమిషానికి అటు ఇటుగా సాగి ముగిసిపోయే నిలువు వీడియోలు నేడు చరిత్రకు కూడా వేదికలైనాయి. చార్మినార్, గోల్కొండ, పురానాపూల్, కుతుబ్‌షాహీ సమాధులు – వీటిలో ఈ వీడియోలకెక్కని కట్టడం లేదు. వీటిని తయారు చేసేవారిలో యాత్రికులున్నారు, గైడులున్నారు, విద్యార్థులున్నారు, చరిత్రపై మక్కువ గల ఉపాధ్యాయులున్నారు. వారిలో చాలామంది చెప్పుకొనే లక్ష్యం ఒక్కటే: చరిత్ర గ్రంథం ముట్టని కొత్త ప్రేక్షకుని చరిత్ర వైపు తిప్పడం. ఈ లక్ష్యం మెచ్చదగినదే. అయితే ఈ సాధనం ఆ లక్ష్యాన్ని నెరవేరుస్తున్నదా, లేక లక్ష్యాన్నే తన కొలతకు కుదించుకొంటున్నదా అన్నది విచారించదగిన ప్రశ్న.

ఈ వీడియోలపై సాధారణంగా వినిపించే ఆక్షేపణలు రెండు. ఒకటి, అవి మరీ పొట్టివని; రెండు, అవి నిలువుగా ఉండి దృశ్యాన్ని కత్తిరిస్తాయని. ముందుగా ఈ రెండింటి బలాబలాలు తేల్చుకొనడం అవసరం. అసలు లోపం ఎక్కడున్నదో తెలియాలంటే, లోపం కానిదానిని పక్కకు పెట్టవలసి ఉంటుంది.

క్లుప్తత

1895 డిసెంబరు 28న పారిస్ నగరంలో లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి ప్రదర్శించిన చిత్రాలలో ఒక్కొక్కటి సుమారు 50 సెకండ్లది. వారి యంత్రంలో పట్టే ఫిల్ము పొడవు దాదాపు 17 మీటర్లే కావడం ఇందుకు కారణం. వారి చిత్రాలు 1896 జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటలులో ప్రదర్శితమైనాయి. అనగా, చలనచిత్రం పుట్టినదే నేటి పొట్టి వీడియో నిడివిలో. తోటమాలి నీళ్లగొట్టాన్ని ఒక కుర్రవాడు కాలితో తొక్కిపట్టడం, మాలి గొట్టంలోకి తొంగిచూడడం, కుర్రవాడు కాలు తీయగానే నీరు ముఖాన చిమ్మడం – ఇంత కథ ఆ కొద్ది సెకండ్లలోనే ఆదిమధ్యాంతాలతో ఇమిడింది. కాబట్టి కాలం తక్కువైనంత మాత్రాన పని అసంపూర్ణమవుతుందనడానికి వీలులేదు.

తెలుగువారికి క్లుప్తత కొత్తదేమీ కాదు. నాలుగు పాదాల శతక పద్యం, ఒక్క వాక్యపు సామెత, సభలో అప్పటికప్పుడు చెప్పిన చాటువు తరతరాలు నిలిచాయి. ఇస్లామీయ విద్యలలో ఇందుకు విశిష్టమైన ఉదాహరణ హదీసు శాస్త్రం. ఎన్నో హదీసులు ఒకటి రెండు వాక్యాలకు మించవు. అయినా ప్రతి చిన్న వాక్యం ముందూ దానిని ఎవరు ఎవరి నుండి విన్నారో తెలిపే ఉల్లేఖకుల పరంపర ఉంటుంది. దీనినే సనద్ అంటారు. ఆ ఉల్లేఖకుల జీవితాలను, జ్ఞాపకశక్తిని, నిజాయితీని పరిశీలించడానికి అస్మావుర్రిజాల్ అనే ప్రత్యేక శాస్త్రమే వెలసింది. మాట ఎంత చిన్నదైనా అది ఎక్కడి నుండి వచ్చిందో చెప్పకుండా దానిని ముందుకు పంపరాదన్నది ఆ పండితుల నియమం. ఈ నియమాన్ని మత విషయాలకే పరిమితం చేయనక్కరలేదు. పూర్వకాలపు ముస్లిం చరిత్రకారులలో అత్‌తబరీ వంటివారు రాజ్యాల కథలకు కూడా దీనిని వర్తింపజేశారు.

పొట్టి వీడియోను తూచదగిన తూనిక ఇక్కడ లభిస్తున్నది. ఎంతసేపు చెప్పారన్నది ముఖ్యం కాదు. చెప్పినదానికి మూలం చూపారా, విన్నవాడు ఆ మూలం వైపు నడిచే దారి ఉంచారా అన్నదే చూడవలసినది.

నిలువు చట్రం

ఇక రెండవ ఆక్షేపణ. సినిమా తెర అడ్డంగా ఉండడం ప్రకృతి నియమమేమీ కాదు. 1930లో హాలీవుడ్‌లో వెడల్పాటి తెరను ప్రవేశపెట్టే చర్చ జరుగుతున్నప్పుడు, రష్యన్ దర్శకుడు ఐజెన్‌స్టీన్ అక్కడి సభలో మాట్లాడుతూ నిలువు దృశ్యాలను తెర నుండి వెలివేయడాన్ని ఖండించాడు. అడ్డానికీ నిలువుకూ సమానంగా చోటిచ్చే చతురస్రపు తెర కావాలని వాదించాడు. చిత్రలేఖనంలోనైతే నిలువు చట్రం ఏనాటిదో. హీరాత్‌లో సుల్తాన్ హుసైన్ బైఖరా కొరకు 1488లో సిద్ధమైన సాదీ 'బోస్తాన్' వ్రాతప్రతి నేడు కైరో జాతీయ గ్రంథాలయంలో ఉన్నది. అందులో బిహ్‌జాద్ చిత్రించిన యూసుఫ్–జులైఖా ఘట్టం నిలువు పుటలోనే ఒక భవనమంతటినీ నిలబెట్టింది. మూసిన తలుపులు, మలుపులు తిరిగే మెట్లు, ఒకదానిపై ఒకటిగా గదులు – చూపు కిందినుండి పైకి ఎక్కుతూ పోతుంది. పారిపోయే దారి లేదన్న భావం ఆ నిలువుదనం వల్లనే బలపడింది.

అందుచేత చార్మినార్ వంటి కట్టడానికి నిలువు చట్రం పగది కాదు, నిజానికి ఆప్తమైనది. నాలుగు మినారులు పైకి లేచే తీరు అడ్డతెరలో కంటే ఇందులోనే నిండుగా కనిపిస్తుంది. చిక్కు మరొకచోట వస్తుంది. చార్మినార్ ఒంటరి గోపురం కాదు. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కొత్త నగరానికి పునాది వేసినప్పుడు రెండు ప్రధాన వీధులు కలిసే కూడలిలో ఇది నిలిచింది. నగరం నాలుగు భాగాలుగా ఇక్కడి నుండే విస్తరించింది. ఉత్తరాన చార్‌కమాన్, నైరుతి దిశగా మక్కా మసీదు ఈ అమరికలో భాగాలే. నిలువు వీడియోలో మినారులు మిగులుతాయి, కూడలి కనుమరుగవుతుంది. ఫలితంగా ప్రేక్షకుడు ఒక అందమైన కట్టడాన్ని చూస్తాడు గాని, ఒక నగర నిర్మాణ పథకాన్ని చూడలేడు.

ఇది కూడా తప్పించుకోరాని లోపం కాదు. చార్మినార్ కింద నడిమధ్య నిలిచిన వానికి నాలుగు కమానులు నాలుగు వైపులా కనిపిస్తాయి. ప్రతి కమాను స్వయంగా ఒక నిలువు చట్రమే. ప్రతి దానిలోనూ ఒక వీధి ఇమిడి ఉన్నది. కెమెరాను ఒక్కచోటనే ఉంచి, నెమ్మదిగా ఒక చుట్టు తిప్పితే అర నిమిషంలో నగర పథకమంతా బోధపడుతుంది. ఖర్చు లేనిది, పాండిత్యం అడగనిది ఈ పని. అయినా తరచుగా కనిపించేవి డ్రోను ఎగిరి మినారు చుట్టూ తిరిగే దృశ్యాలు, వెనుక ఏ సంబంధమూ లేని పాట.

కొలత తెచ్చిన వంకర

ఇట్లా జరగడానికి తయారీదారుల అభిరుచిని మాత్రమే నిందించి లాభం లేదు. వారు పనిచేసే అంగడి నియమాలను గమనించాలి. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. ఆ ఖాళీలోకి జూలై నెలలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి. షార్ట్స్‌ను ఆ సంస్థ మొట్టమొదట ప్రయోగాత్మకంగా విడుదల చేసినది భారతదేశంలోనే. నాడు 15 సెకండ్లుగా ఉన్న నిడివి తరువాత 60 సెకండ్లయి, 2024 అక్టోబరు 15 నుండి 3 నిమిషాలకు పెరిగింది. కాలం పెరిగినా పద్ధతి మారలేదు.

ఆ పద్ధతి ఇది. సినిమాకు పోయేవాడు టిక్కెట్టు కొంటాడు. గ్రంథాలయానికి పోయేవాడు పుస్తకం ఎంచుకొంటాడు. నిలువు వీడియోల వరుసలో ప్రేక్షకుడు దేనినీ ఎంచుకోడు. ఒకటి నచ్చకపోతే వేలితో పైకి తోస్తాడు, మరొకటి వస్తుంది. ఎవరికి ఏది చూపాలో యంత్రగణనమే నిర్ణయిస్తుంది. కనుక ఒక ఛానలు పేరైనా వినని మనిషి ముందుకు దాని వీడియో పోగలదు. కొత్త ప్రేక్షకుని సంపాదించడంలో ఈ రూపానికున్న నిజమైన బలం ఇదే. దీనిని కాదనరాదు. పేరులేని పల్లెటూరి ఉపాధ్యాయునికి కూడా ఈ అవకాశం సమానంగా దక్కుతున్నది.

అయితే ఆ వేలిని ఆపవలసిన గడువు రెండు మూడు సెకండ్లు. తయారీదారులు ఈ మొదటి సెకండ్లను 'హుక్' అంటారు. తెలుగులో చెప్పాలంటే ఎర. చరిత్ర వీడియోలలో ఈ ఎర దాదాపు ఒకే అచ్చున పోసినట్లుంటుంది. 'ఈ రహస్యం మీకు తెలుసా', 'చరిత్రకారులు దాచిన నిజం', 'చివరి వరకు చూడండి'. చరిత్రకారుడు పుస్తకంలో ముద్రించి గ్రంథాలయంలో పెట్టిన సంగతిని దాచిన రహస్యమని చెప్పడం అసత్యం. పైగా అది చరిత్రకారునిపై అనుమానం నాటి, ఏ గ్రంథం వైపు ప్రేక్షకుని తిప్పాలో ఆ గ్రంథంపైనే నమ్మకం చెరుపుతుంది.

లెక్కించే తీరు కూడా ఇందుకు తోడ్పడింది. 2025 మార్చి 31 నుండి యూట్యూబ్‌లో షార్ట్ ఆడడం మొదలైతే చాలు, అది ఒక వీక్షణగా నమోదవుతున్నది. ఇంతసేపు చూడాలన్న నియమం లేదు. నిలిచి చూసినవారి లెక్క వేరుగా ఉన్నా, బయటికి కనిపించేది పెద్ద సంఖ్యే. వీధి వెంట పోతూ పుస్తకాల దుకాణం వైపు ఒకసారి తల తిప్పినవారందరినీ పాఠకులుగా లెక్కగడితే ఎట్లుంటుందో ఇదీ అట్లే ఉన్నది. లక్ష వీక్షణలు వచ్చాయని సంతోషించే ఉపాధ్యాయుడు తన మాట లక్షమంది విన్నారని భ్రమపడకూడదు.

మూడు ఉదాహరణలు

గోల్కొండపై వచ్చే వీడియోలలో సింహభాగం చప్పట్ల గురించినవి. ప్రవేశ ద్వారం వద్దనున్న గుమ్మటం కింద చప్పట్లు కొడితే ఎత్తున ఉన్న బాలాహిస్సార్ వరకు వినిపిస్తుంది. చప్పట్లు, పైన చెవి ఒగ్గిన మనిషి, అతని ఆశ్చర్యం – వీడియో అంతటితో ముగుస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది, సందేహం లేదు. కాని ఆ ధ్వని ఏర్పాటు ప్రమాద సంకేతంగా ఉపయోగపడేదన్న సంగతి చెప్పిన తరువాత రావలసిన ప్రశ్న ఒకటున్నది. ఇంత జాగ్రత్తగా కట్టిన కోట ఎట్లా పడింది? 1687లో ఔరంగజేబు సైన్యం సుమారు ఎనిమిది నెలలు ముట్టడించినా లొంగని గోల్కొండ, లోపలివారే తలుపు తీయడంతో పతనమైంది. చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా బందీ అయినాడు. బయటి శత్రువును పసిగట్టే చప్పట్లు లోపలి ద్రోహాన్ని పసిగట్టలేకపోయాయన్న ఒక్క మాట చేర్చడానికి పది సెకండ్లు చాలు. ఆ మాట విన్నవాడు ఆ ముట్టడి కథ ఎక్కడ దొరుకుతుందో వెదుకుతాడు. అది లేని వీడియో చూసినవాడు మరొక వింత కొరకు వేలు కదుపుతాడు.

రెండవది భాగమతి కథ. ముహమ్మద్ కులీ భాగమతి అనే యువతిని ప్రేమించి ఆమె పేర భాగ్యనగరం కట్టించెననీ, ఆమెకు హైదర్ మహల్ అని బిరుదు రాగా నగరం హైదరాబాదు అయిందనీ ఈ వీడియోలు నిర్ధారణగా చెబుతాయి. ఈ విషయంలో చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. భాగమతి ప్రస్తావన ఫెరిష్తా రచనలో ఉన్నది. అయితే ప్రొఫెసర్ హారూన్ ఖాన్ షేర్వానీ ఈ కథను ఐతిహ్యంగా భావించి త్రోసిపుచ్చారు. భాగ్‌నగర్ అన్నది బాగ్‌నగర్, అనగా తోటల నగరం కావచ్చునన్నారు. నరేంద్ర లూథర్ భాగమతి చారిత్రక వ్యక్తియేనని వాదించారు. ఈ వివాదం నేటికీ తీరలేదు. 'ఒకరు ఇట్లన్నారు, మరొకరు అట్లన్నారు, కారణాలు ఇవి' అని చెబితే వీడియో నీరసమవుతుందని భయపడనక్కరలేదు. ఇద్దరు పండితుల తగవు వినడానికి ఇష్టపడనివారు అరుదు. వివాదాన్ని చూపితే కథ రక్తి కడుతుంది, ప్రేక్షకుడు పక్షం వహిస్తాడు, ఆధారం అడుగుతాడు. నిర్ధారణగా చెబితే అతనికి అడగడానికి ఏమీ మిగలదు.

ఇక్కడ ప్రమాదం కేవలం పాండిత్యానికి సంబంధించినది కాదు. హైదరాబాదు పేరు చుట్టూ నేడు ఉద్రేకాలు ఉన్నాయి. మూలం చెప్పని ఒక నిమిషపు వీడియో ఒక వర్గానికి ఆయుధమవుతుంది. దానికి జవాబుగా మూలం చెప్పని మరొక వీడియో వస్తుంది. చార్మినార్ నుండి గోల్కొండకు సొరంగమున్నదన్న ధ్రువపడని జనశ్రుతి వంటిది ఎవరికీ హాని చేయకపోవచ్చు. నగరం ఎవరిదన్న ప్రశ్నలో జనశ్రుతి హాని చేస్తుంది. పదిమంది ఒకరి నుండి ఒకరు నకలు చేసి చెప్పినది పది సాక్ష్యాలు కాదనీ, అది ఒకే సాక్ష్యమనీ హదీసు పండితులు ఏనాడో గుర్తించారు. వీడియోల లోకంలో పది నకళ్లను పది సాక్ష్యాలుగా భావించడం పరిపాటి అయింది.

మూడవది చార్మినార్ కట్టిన కారణం. మహమ్మారి తొలగిన జ్ఞాపకార్థం కట్టారన్నది వీడియోలన్నిటా వినిపించే ఒకే మాట. క్రీ.శ. 1591లోనే హిజ్రీ శకం 1000వ సంవత్సరం ప్రారంభమైనదన్న సంగతిని, కొత్త నగర స్థాపనకు దానితో ఉన్న సంబంధాన్ని పండితులు చర్చించారు. ఒక సంవత్సరం పక్కన మరొక సంవత్సరం తెరపై వేస్తే చాలును, ఈ సంగతి పిల్లవానికి కూడా అర్థమవుతుంది. నిలువు తెరలో ఇంత తేలికగా పట్టే విషయం మరొకటి లేదు. అయినా అది కానరావడం అరుదు. కారణం స్పష్టం: కొత్త వీడియో తీసేవాడు గ్రంథాన్ని చూడడం లేదు, ముందు వచ్చిన వీడియోను చూస్తున్నాడు.

ఇతరుల అనుభవం

ఈ రూపాన్ని నిగ్రహంతో వాడుకొన్నవారు లేకపోలేదు. ఇంగ్లండులోని డడ్లీలో బ్లాక్ కంట్రీ లివింగ్ మ్యూజియం అనే ఆరుబయటి ప్రదర్శనశాల ఉన్నది. పారిశ్రామిక యుగపు ఇండ్లు, దుకాణాలు, పనిశాలలు అక్కడ నిలబెట్టి, ఆనాటి వేషధారులచే సందర్శకులకు వివరింపజేస్తారు. 2020 ఆగస్టులో, కోవిడ్ వల్ల సందర్శకులు తగ్గిన కాలంలో, ఆ సంస్థ టిక్‌టాక్‌లో ప్రవేశించింది. వెనుకటి కాలపు తాతగారు నేటి యువకునికి హితవు చెప్పే వీడియోలు విశేషంగా ఆకర్షించాయి. ఇక్కడ ఎర ఉన్నది, హాస్యమున్నది. కాని చూపినది మ్యూజియంలో ఉన్నదే. చూసినవాడు అక్కడికి వెళితే అదే వీధి, అదే దుకాణం, అదే వేషం కనిపిస్తాయి. ఎరకూ అసలుకూ నడుమ అబద్ధం లేదు. ఫ్లోరెన్సులోని ఉఫీజీ చిత్రశాల కూడా 2020లోనే ఈ బాట పట్టి, తన ప్రసిద్ధ చిత్రాలతో హాస్యమాడింది. ఆ హాస్యం కొందరికి రుచించకపోవచ్చు. అయినా అది వాడినది తన గోడలపైనున్న చిత్రాలనే.

వీటి నుండి గ్రహించవలసినది గాంభీర్యమో హాస్యమో కాదు. పొట్టి వీడియో వెనుక ఒక పెద్ద వస్తువు – ప్రదర్శనశాల గాని, ఉపన్యాసం గాని, గ్రంథం గాని – ఉండడమే వాటి బలం. యూట్యూబ్ 2023 ఆగస్టు నుండి షార్ట్స్ వివరణలలోనూ వ్యాఖ్యలలోనూ లంకెలు నొక్కితే తెరుచుకొనకుండా చేసింది. కాని అదే సంవత్సరం, షార్ట్ నుండి తన ఛానలులోని మరొక వీడియోకు దారి చూపే 'సంబంధిత వీడియో' సౌకర్యం కల్పించింది. దారి మూసుకుపోలేదు. అయితే ఆ దారి చివర చూపడానికి ఒక పెద్ద వీడియో అంటూ ముందుగా ఉండాలి కదా.

ఒక సమాధానం

'నేటి యువకుడు పుస్తకం ఎట్లాగూ చదవడు. ఏమీ తెలియకపోవడం కంటే ఈ కొంచెమైనా తెలియడం మేలు' అని ఈ వీడియోల సమర్థకులు అంటారు. ఈ వాదంలో కొంత న్యాయమున్నది. ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని కీర్తించారని గాని, ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కు పొన్నెగంటి తెలగన అచ్చతెలుగు 'యయాతి చరిత్ర' అంకితమిచ్చాడని గాని నేటి యువకునికి ఎవరు చెప్పారు? ముస్లిం ప్రభువూ తెలుగు కవీ కలిసిన ఆ ఘట్టం ఒక్క నిమిషంలో చెప్పదగినది, చెప్పవలసినది. వీడియో ద్వారా మొదటిసారి ఆ పేరు విన్నవాడు ధన్యుడే. కాని 'కొంచెమైనా మేలు' అన్నది ఆ కొంచెం నిజమైనప్పుడే చెల్లుతుంది. కల్తీ పాలు కొంచెమైతే మాత్రం పాలు కాజాలవు. ఇక యువకుడు చదవడన్నది ముందే వేసిన శిక్ష. చదవదగినది ఏదో అతనికి చూపకుండానే ఆ తీర్పు ఇవ్వడం న్యాయం కాదు.

కావలసినవి పెద్ద సంస్కరణలేమీ కావు. మొదటి సెకండులో వేసిన ప్రశ్నకు చివరి సెకండులోపు నిజాయితీగా జవాబు చెప్పడం. తెలియనిచోట భేదాభిప్రాయమున్నదని ఒప్పుకొనడం. తెర కింది భాగంలో గ్రంథం పేరూ రచయిత పేరూ చదవగలిగినంత సేపు ఉంచడం. వారానికి ఏడు వీడియోలు తీసేవాడు రెండే తీసి, మిగిలిన సమయం గ్రంథాలయంలో గడపడం. వీక్షణల సంఖ్యకు బదులు, వ్యాఖ్యలలో ఎందరు 'ఇది ఎక్కడ ఉన్నది' అని అడిగారో లెక్కించుకొంటే తయారీదారునికి తన పని విలువ తెలుస్తుంది.

షేర్వానీ గారి కుతుబ్‌షాహీ చరిత్ర ఏడు వందల పుటలకు పైబడిన గ్రంథం. దానిని ఎవరూ ఒక నిమిషంలో చెప్పలేరు. చెప్పమని ఎవరూ కోరడమూ లేదు. దాని అట్టను మూడు సెకండ్లు చూపడం మాత్రం ఎవరికైనా సాధ్యమే. ఆ మూడు సెకండ్లను వెచ్చించని వీడియో ఎన్ని లక్షలమందికి చేరినా, చరిత్రకు కొత్త ప్రేక్షకుని తెచ్చిందని చెప్పడానికి ఆధారం లేదు.